పొగే కారణమని రుజువు చేయాల్సింది ఎవరు?

ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఉబ్బసం, ఊపిరాడని జబ్బులు పెరిగాయని జనం మొర పెట్టుకుంటే యాజమాన్యాల జవాబు ఎప్పుడూ ఒక్కటే: మా పొగ వల్లనేనని రుజువేది? ఈ వాదం ఇప్పటిది కాదు.

1930 డిసెంబరులో బెల్జియంలోని మ్యూజ్ లోయను పొగమంచు కమ్మేసింది. కర్మాగారాల విషవాయువులు పైకి పోయే దారి లేక అక్కడే పేరుకున్నాయి. కొద్ది రోజుల్లోనే 60 మందికి పైగా చనిపోయారు. దర్యాప్తులో పాల్గొన్న వైద్యుడు ఫిర్కే, లండన్‌లో ఇలాగే జరిగితే మూడు వేలకు పైగా ప్రాణాలు పోతాయని లెక్కగట్టాడు. 1952లో ఇళ్ల బొగ్గు పొగ కూడా తోడై అంతకంటే ఎక్కువే పోయాయి. ఈలోగా 1948లో అమెరికాలోని డొనోరాలో ఇలాంటి పొగమంచుకే 20 మంది మరణిస్తే, అక్కడి కర్మాగారాల కంపెనీ అది దైవఘటన అంది. బాధ్యత ఒప్పుకోకుండానే పరిహారం ఇచ్చి కేసులు ముగించుకుంది.

అసలు మలుపు జపాన్‌లో వచ్చింది. యొక్కైచిలో పెట్రో రసాయన కర్మాగారాలు మొదలయ్యాక, పక్కనే ఉన్న ఇసోజు అనే మత్స్యకారుల పేటలో ఉబ్బసం విజృంభించింది. 1967లో తొమ్మిది మంది రోగులు ఆరు కంపెనీల మీద దావా వేశారు. ఎవరి పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందో తేల్చడం ఎవరి తరం? 1972 జులైలో కోర్టు ఆ చిక్కుముడి జోలికే పోలేదు. గంధక వాయువుకూ జబ్బులకూ ఉన్న సంబంధాన్ని జనంలో జబ్బులు ఎలా పెరిగాయో చెప్పే గణాంకాలు చూపుతున్నాయంటూ ఆరు కంపెనీలనూ ఉమ్మడిగా బాధ్యులను చేసింది. మరుసటి ఏడాదే బాధితుల పరిహారానికి చట్టం వచ్చింది.

అమెరికాలోని యూటా లోయలో మాత్రం రుజువు అనుకోకుండా దొరికింది. కార్మిక వివాదంతో 1986-87లో ఉక్కు కర్మాగారం ఏడాదికి పైగా మూతపడింది. అది నడిచిన శీతాకాలాలతో పోలిస్తే, మూతపడిన శీతాకాలంలో శ్వాస జబ్బులతో ఆసుపత్రిలో చేరిన పిల్లలు సగం కంటే తగ్గారు. ఏ పరిశోధకుడూ కావాలని చేయలేని ప్రయోగమది!

భోపాల్ లాంటి దుర్ఘటన ఒక్క రాత్రిలో లోకం కళ్లు తెరిపిస్తుంది. కానీ రోజూ కొద్దికొద్దిగా పీల్చే బెంజీన్ అనే విష రసాయనం తెచ్చిపెట్టే రక్తక్యాన్సర్ బయటపడడానికి ఏళ్లు పడుతుంది. చమురు శుద్ధి కర్మాగారాలు తమ ప్రహరీ వెంబడి బెంజీన్‌ను కొలవాలని అమెరికా 2015లో నిబంధన తెచ్చింది. అయితే ఆ కొలత రెండు వారాల సగటు. ఒక్క పూట భారీగా వెలువడిన వాయువు అందులో పలచబడిపోతుంది.