మినీ ట్యాంక్‌బండ్ కింద మునిగే కాలనీలు: పాలమూరు పెద్ద చెరువు వెనక కథ

మహబూబ్‌నగర్‌కి చుట్టాలొస్తే సాయంత్రం ఎక్కడికి తీసుకెళ్లాలి అంటే ఇప్పుడు ఎవరైనా మినీ ట్యాంక్‌బండ్ అంటారు. పదేళ్ల కిందట ఈ ప్రశ్నకి పిల్లలమర్రి ఒక్కటే జవాబు. ఇప్పుడు పెద్ద చెరువు కట్ట మీద లైట్లు, నడక దారి, పక్కన శిల్పారామం, ఆదివారం వస్తే బండి పెట్టుకోవడానికి జాగా దొరకదు. అదే చెరువుకి దిగువన రామయ్యబౌలి, శివశక్తినగర్, బీకే రెడ్డి కాలనీ ఉన్నాయి. గట్టి వాన పడిన రాత్రి అక్కడి జనం నిద్రపోరు. ఊరు కార్పొరేషన్ అయ్యింది, ఏం కట్టాలి, ఎక్కడ కట్టాలి అని అందరూ మాట్లాడుకుంటున్నారు కదా, ఆ మాటల్లో ఈ కాలనీల సంగతి ఒక వాక్యంలో తేలిపోతోంది. ఎందుకు మునుగుతున్నాయో తెలియాలంటే చెరువు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

పాలమూరు పాత ఊరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890 డిసెంబర్ 4న మహబూబ్‌నగర్ అయ్యింది. జిల్లా కేంద్రం అయ్యాక సర్కారు కచేరీలు వచ్చాయి, తర్వాత రైలు వచ్చింది, న్యూటౌన్ వచ్చింది, క్లాక్ టవర్ చుట్టూ బజారు పెరిగింది. కానీ చాలాకాలం ఊరు గుట్టల పక్కన, కొంచెం ఎత్తు మీదే ఉండేది. షాసాబ్‌గుట్ట, మోనప్పగుట్ట, టీడీగుట్ట, మెట్టుగడ్డ, ఈ పేర్లు చూస్తేనే తెలుస్తుంది జనం ఎక్కడ ఇళ్లు కట్టుకున్నారో. పల్లంలో చెరువు, చెరువు కింద పొలం. అంతే లెక్క.

ఈ లెక్క పాలమూరుకి ఎందుకు అవసరమైందో చెప్పాలి. ఇక్కడ ఏడాదికి పడేది 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా. అది కూడా నాలుగు నెలల్లో, అందులోనూ కొన్ని రోజుల్లోనే కుండపోతగా పడిపోతుంది. కృష్ణా నది ఉమ్మడి పాలమూరు జిల్లా అంచునే పారుతున్నా నీళ్లు పైకి ఎక్కవు. అందుకే పెద్దలు వాగుకి అడ్డంగా కట్టలేసి, ఒకదాని అలుగు (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) నీళ్లు ఇంకోదాంట్లో పడేలా గొలుసుకట్టు చెరువులు తవ్వుకున్నారు. పైనుంచి వచ్చిన నీరు నిండుతుంది, తూము తీస్తే పొలానికి పోతుంది, ఎక్కువైతే అలుగు దూకి కాలువ పట్టి కింది కుంటకి చేరుతుంది. వేసవికి చెరువు దాదాపు ఎండిపోతుంది, అంటే వచ్చే వానలకి మళ్లీ ఖాళీ జాగా తయారుగా ఉంటుంది. అలుగు దూకినా కింద ఉండేది వరి మడి. ఒక రాత్రి నీళ్లలో ఉన్నంత మాత్రాన మడికి పోయేదేం లేదు. ఇల్లు అలా కాదు.

చెరువులు పాడయ్యాక, బోర్లు ఎండాక ఏమైందో ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశం మొత్తానికి తెలుసు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని ఇంటిల్లిపాదీ ముంబయి, పుణె బస్సెక్కేవాళ్లు, ప్రాజెక్టుల్లో మట్టి మోశారు, పక్క రాష్ట్రాల పట్టణాల్లో రోడ్లేశారు, అపార్ట్‌మెంట్లు కట్టారు. నీళ్లు తెచ్చే ప్రాజెక్టులేమో ఏళ్లకేళ్లు పట్టాయి. కృష్ణ మీద జూరాల ప్రాజెక్టుకి 1981లో శంకుస్థాపన జరిగితే ప్రారంభం 1996లో. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకి 2015 జూన్‌లో కరివెన దగ్గర శంకుస్థాపన అయితే మొదటి పంపు నడిచింది 2023 సెప్టెంబర్‌లో, ఇంకా పని మిగిలే ఉంది. ఊళ్లలో ఉండలేనివాళ్లు కొందరు పట్నం చేరారు, పట్నం అంటే హైదరాబాద్ ఒక్కటే అనుకోవద్దు, చాలామంది జిల్లా కేంద్రానికే వచ్చారు. అడ్డా మీద కూలి దొరుకుతుంది, పిల్లలకి బడి ఉంటుంది, ఆస్పత్రి ఉంటుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో ప్లాటు కొనాలంటే ఎక్కడ దొరుకుతుంది? ఎత్తు మీద దొరకదు. పల్లంలో దొరుకుతుంది.

అలా చెరువు కింది ఆయకట్టు కాలనీలు అయ్యింది. పొలం పోయింది కాబట్టి తూముతో పని లేదు. తూముతో పని లేదు కాబట్టి కాలువ ఎందుకు, పూడ్చి ఇంకో రెండు ప్లాట్లు చేశారు. ఎనిమిది పది అడుగుల వెడల్పున్న కాలువ ఒక చోట మోరీ, అంటే మురుగు కాలువ, అయ్యింది, ఇంకో చోట ప్రహరీ గోడ కింద పైపు అయ్యింది. కొన్న మనిషి దగ్గర కాగితాలున్నాయి, రిజిస్ట్రేషన్ అయ్యింది, కరెంటు మీటర్ ఇచ్చారు, నల్లా ఇచ్చారు, ఇంటి పన్ను ఏటా కట్టించుకుంటున్నారు. అందుకే ఈ కాలనీల వాళ్లని పట్టుకుని చెరువులో ఎందుకు కట్టుకున్నారు అని అడిగేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ప్రతి మెట్టు మీదా ఒక ముద్ర వేసి ఇచ్చిన వ్యవస్థని వదిలేసి, జీవితకాలపు పొదుపు పెట్టి రెండు గదులు వేసుకున్నవాడిని అడుగుతున్నారు.

మరి ఊరి మురుగు ఏమైంది? మహబూబ్‌నగర్‌కి పూర్తి స్థాయి భూగర్భ డ్రైనేజీ ఇప్పటిదాకా లేదు. ఇంటికో సెప్టిక్ ట్యాంకు, మిగతాదంతా మోరీలోకి, మోరీలన్నీ పల్లానికి, పల్లంలో చెరువు. నీళ్లు తక్కువ వాడిన రోజుల్లో ఈ సమస్య పెద్దగా కనపడలేదు. ఈ ఊళ్లో వారానికీ పది రోజులకీ ఒకసారి నల్లా వచ్చేది, ఎండాకాలంలో ఇంకా ఆలస్యం. నల్లా వచ్చే రోజు పెళ్లికి కూడా పోయేవాళ్లు కాదు. రామన్‌పాడు, కోయిల్‌సాగర్ రిజర్వాయర్ల నుంచి, తర్వాత ఇంటింటికీ నల్లా ఇచ్చే మిషన్ భగీరథ పథకం కింద నీళ్లు రావడం మొదలయ్యాక ఆ బాధ చాలావరకు తగ్గింది, అది నిజంగా గొప్ప మార్పు, బిందెల వరసలో నిలబడిన ఏ ఆడమనిషిని అడిగినా చెప్తుంది. కాకపోతే ఇంట్లోకి వచ్చిన నీళ్లలో ఎక్కువ భాగం బయటికి కూడా వస్తాయి. వచ్చే పైపు వేశారు, పోయే పైపు వేయలేదు. ఆ తేడా అంతా చెరువులోకి చేరుతోంది.

ఇక కొత్త హంగుల కాలం. తెలంగాణ వచ్చాక ఈ ఊరు మారిన వేగం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. 2016లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, అదే ఏడు అక్టోబర్‌లో పెద్ద జిల్లా ముక్కలై నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా. జిల్లా చిన్నదైనా ఊరు మాత్రం చిన్నది కాలేదు, పెరుగుతూనే ఉంది. అప్పన్నపల్లి అడవిలో రెండు వేల ఎకరాలకు పైగా ఉన్న ఎకో పార్కు 2020లో తెరిచారు. బైపాస్ పడింది. దివిటిపల్లిలో ఐటీ టవర్, దాని పక్కనే అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన. సికింద్రాబాద్ నుంచి ఇక్కడిదాకా 85 కిలోమీటర్ల రైలు లైను డబుల్ అయ్యి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం అయ్యింది. పొద్దున రైలెక్కి హైదరాబాద్ పోయి పని చేసుకుని రాత్రికి ఇంటికొచ్చేవాళ్లున్నారు, అందుకే ఇల్లు ఇక్కడే కడదాం అనుకునేవాళ్లు పెరిగారు. ఏనుగొండ, బోయపల్లి, ఎదిర ఒకప్పుడు పక్క ఊళ్లు, ఇప్పుడు ఎక్కడ ఊరు అయిపోయి ఎక్కడ అవి మొదలవుతాయో చెప్పలేం.

చెరువుల మీద 2015లో మిషన్ కాకతీయ మొదలైంది, పూడిక తీయడం, కట్ట గట్టిపరచడం, అలుగు, తూము బాగుచేయడం దాని పని. దాంట్లో భాగంగానే పట్టణాల్లో ఒక చెరువుని మినీ ట్యాంక్‌బండ్ చేయాలన్న ఆలోచన. పాలమూరులో పెద్ద చెరువుని ఎంచుకున్నారు. కట్ట వెడల్పయ్యింది, రెయిలింగు వచ్చింది, లైట్లు వచ్చాయి. ఇదంతా డబ్బు దండగ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఈ ఊళ్లో సాయంత్రం ఒక ఆడమనిషి భయం లేకుండా గంటసేపు నడవడానికి జాగా ఉండేది కాదు. ముసలివాళ్లు కూర్చోవడానికి, పిల్లలు పరిగెత్తడానికి ఏముండేది? ఆ కట్ట మీద కూర్చునేవాళ్లలో ముంబయిలో వాళ్ల చెమటతో పార్కులు కట్టి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకి సొంత ఊళ్లో ఇంత మాత్రం హక్కు ఉంది.

చిక్కు వేరే చోట ఉంది. సాగు చెరువు వానల ముందు ఖాళీగా ఉండాలి. చూడ్డానికి వచ్చే చెరువు ఏడాది పొడుగునా నిండుగా ఉండాలి. నిండుగా ఉన్న చెరువుకి కొత్త వానని పట్టుకునే జాగా ఉండదు, రెండు గంటల వానకే అలుగు దూకుతుంది. దూకిన నీటికి పాత కాలువ లేదు, పొలం లేదు. పైగా ఎగువన కూడా ఇప్పుడు మట్టి నేల లేదు, సీసీ రోడ్లు, డాబాలు, టైల్స్ వేసిన వాకిళ్లు. ఇంకాల్సిన నీరు ఇంకకుండా ఒక్కసారే కిందికి దూసుకొస్తుంది. చెరువుని అందంగా చేసినప్పుడు కట్ట మీద పెట్టిన శ్రద్ధలో సగం అలుగు కింద నుంచి వాగు దాకా నీటి దారి మీద పెట్టి ఉంటే రామయ్యబౌలి కథ ఇంకోలా ఉండేది.

రామయ్యబౌలిలో ఇళ్లు ఒకసారి గమనించండి. గడప ముందు ఇటుకలతో మోకాలెత్తు గోడ కట్టుకున్నారు, లోపలికి పోవాలంటే దాన్ని దాటి దిగాలి. ఫ్రిజ్ మామూలు స్టాండు మీద ఉండదు, సిమెంటు దిమ్మె మీద ఉంటుంది. స్విచ్ బోర్డులు మనిషి భుజం కంటే పైకి. బియ్యం బస్తా, పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్ల కవర్ సజ్జ మీద. గోడకి సున్నం వేసినా కింది నుంచి రెండు మూడు అడుగుల దాకా చెమ్మ మరక మళ్లీ పైకి తేలుతుంది. వాన నీళ్లు వస్తే తుడుచుకోవచ్చు, వచ్చేది మోరీ నీళ్లు. సంపులోకి ఆ నీళ్లు పోతే తోడి, కడిగి, బ్లీచింగ్ వేసి మళ్లీ నింపుకునేదాకా తాగడానికి, వండడానికి క్యాన్ నీళ్లే. వారం పాటు ఆ వాసన పోదు. వాన ఆగాక పడవలు, పులిహోర పొట్లాలు, ఫొటోలు, నాయకుల పరామర్శ అన్నీ జరుగుతాయి, అవసరమే, కాదనను. తర్వాతి ఎండాకాలంలో కాలువ తవ్వారా అన్నదే లెక్క.

ఇది ఒక్క పెద్ద చెరువు సంగతే కూడా కాదు. 2022 జులైలో మాచన్‌పల్లి-కోడూరు మధ్య రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో బడి బస్సు ఇరుక్కుంది. దాదాపు 30 మంది పిల్లలు లోపల, నీళ్లు సగానికి పైగా ఎక్కాయి. స్థానికులు దూకి పిల్లల్ని భుజాల మీద మోసి బయటికి తెచ్చారు కాబట్టి సరిపోయింది. అండర్ బ్రిడ్జి కూడా సౌకర్యమే, గేటు దగ్గర ఆగే బాధ తప్పించడానికి కట్టిందే. నీళ్లు పోయే దారి చూడకుండా కట్టే ఏ సౌకర్యమైనా వానొచ్చిన రోజు ఇలాగే తిరగబడుతుంది.

2025 జనవరిలో మహబూబ్‌నగర్ మున్సిపల్ కార్పొరేషన్ అయ్యింది. దివిటిపల్లి, జైనల్లీపూర్ లాంటి ఊళ్లు కలిశాయి. కార్పొరేషన్ అంటే కొంచెం పెద్ద నిధులు, కొంచెం పెద్ద పన్నులు, ఎక్కువ మంది ఇంజినీర్లు వస్తారన్న ఆశ. భూగర్భ డ్రైనేజీ మాట కూడా గట్టిగా వినపడుతోంది. అది ఎటునుంచి మొదలుపెడతారన్నది చాలా ముఖ్యం. మురుగు శుద్ధి చేసే ప్లాంటు, దాని దాకా పోయే పెద్ద పైపు ముందు పడాలి, పల్లం నుంచి పైకి రావాలి. కనపడే మెయిన్ రోడ్ల మీద ముందు తవ్వి కాలనీల పైపులు కలిపేస్తే ఇప్పుడు పది మోరీల్లో పోయేది అప్పుడు ఒకే గొట్టంలో వచ్చి అదే చెరువు మూల కుమ్మరిస్తుంది.

కొత్తగా కలిసిన ఊళ్ల చెరువులు, కుంటలు ఇంకా చాలావరకు ఊపిరితో ఉన్నాయి. దివిటిపల్లి వైపు రియల్ ఎస్టేట్ వెంచర్ల బోర్డులు చూస్తుంటే నాకు పాతికేళ్ల కిందటి పెద్ద చెరువు ఆయకట్టు గుర్తొస్తోంది. అక్కడ శిఖం (చెరువు లోపలి భూమి) హద్దు, ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు), అలుగు కాలువ వెడల్పు ఇప్పుడే కొలిచి, రాళ్లు పాతి, లేఅవుట్ అనుమతి ఇచ్చే బల్ల దగ్గర ఆ మ్యాపు పెట్టాలి. రామయ్యబౌలి, బీకే రెడ్డి కాలనీల్లో ఇళ్లు కూలగొట్టకుండానే అలుగు నీళ్లని రోడ్డు కింది బాక్సు కాలువ ద్వారా వాగుకి తీసుకెళ్లే పని పూర్తి చేయాలి. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు చెరువు మట్టం కొన్ని అడుగులు దించి పెట్టాలి, నెల రోజులు కట్ట మీద నుంచి బురద కనపడినా పర్లేదు, కింద జనం ఉన్నారు. వార్డు సమావేశానికి పోయేవాళ్లు ఈ మూడూ అడగండి, ఏ నెలలో మొదలుపెడతారో రాతపూర్వకంగా తీసుకోండి.