సత్తు గిన్నెకు ఇనుముకన్నా ధర ఎందుకు ఎక్కువ?

నల్లగొండ

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

పాత సామాన్లు కొనే అతను చొట్టలు పడిన సత్తు గిన్నెకు, అంతే బరువున్న ఇనుప మూకుడుకంటే ఎంతో ఎక్కువ ధర కట్టాడని, రెండూ పాతవే అయినప్పుడు ఆ తేడా ఎందుకని మీరు అడిగారు. అరుదైన వస్తువు కాబట్టి ఖరీదు ఎక్కువని మీరు అనుకొని ఉండవచ్చు గాని, సంగతి అది కాదు. సత్తు అని మనం పిలిచేది అల్యూమినియం. భూమి పైపొర బరువులో నూటికి దాదాపు 8 పాళ్ళు అల్యూమినియమే ఉంది. ఇనుము సుమారు 5 పాళ్ళే. మన గ్రానైటు గుట్టల్లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలో అల్యూమినియం ఉంది, ఆ గుట్టలు అరిగి ఏర్పడిన చెల్క భూముల బంకమట్టిలోనూ ఉంది. ఆ చెల్కకు ఎరుపు రంగు తెచ్చినది ఇనుప ఆక్సైడు. మీరు బడికి నడిచే బాటలోనే రెండు లోహాలూ ఉన్నాయన్నమాట.

అయితే ఉండటం వేరు, చేతికి రావటం వేరు. బంగారంవంటి కొన్నిటిని మినహాయిస్తే లోహాలు ఆక్సిజన్‌తోనో గంధకంతోనో కలిసిపోయి రాయి రూపంలో దొరుకుతాయి. ఆ కలయికను విడదీయటమే లోహాన్ని తీయటం. ఇనుమును ఆక్సిజన్ నుంచి విడదీయటానికి బొగ్గు చాలు. మండే బొగ్గు నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడు వాయువు ఇనుప రాతిలోని ఆక్సిజన్‌ను లాక్కొనిపోతే ఇనుము మిగులుతుంది. నేటి ఉక్కు కర్మాగారాల బ్లాస్ట్ ఫర్నేసులోనూ జరిగేది ఇదే. మన పూర్వులు మట్టి కొలుముల్లో తోలు తిత్తులతో గాలి ఊది ఈ పని సాధించారు. ఇనుము కరగటానికి 1538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ కొలుములకు అంత వేడి అందదు కనుక ఇనుము కరిగి పారకుండా, చిట్టెం (రాతి మలినం) కలిసిన ముద్దగా దిగేది. దానిని ఎర్రగా కాల్చి, సమ్మెటతో మోది, చిట్టెం వెళ్ళగొట్టేవారు. జనం రాక్షసగుళ్ళని పిలిచే పురాతన సమాధులలో ఇనుప పనిముట్లు బయటపడ్డాయి కాబట్టి, ఈ విద్య తెలంగాణ నేలమీద రెండువేల ఏళ్ళకు పైబడినదని చెప్పవచ్చు.

అల్యూమినియం సంగతి అలా కాదు. ఆక్సిజన్ దానిని పట్టుకున్న పట్టు ఎంత గట్టిదంటే, కమ్మరి కొలిమికి గాని, బొగ్గుకు గాని అది లొంగలేదు. 1825లో మొదటిసారి దానిని విడదీసిన తరువాత కూడా చాలాకాలం అది సంపన్నులకే అందిన లోహం. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ అనే ఇద్దరు యువకులు, ఒకరి పని ఒకరికి తెలియకుండానే, ఒకే దారి కనుగొన్నారు. బాక్సైటు రాతిని శుద్ధి చేస్తే వచ్చే అల్యూమినా (ఆక్సిజన్‌తో కలిసిన అల్యూమినియం) అనే తెల్లని పొడి కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. కాని కరిగించిన క్రయొలైటు అనే పదార్థంలో అది సుమారు 960 డిగ్రీల దగ్గరే కలిసిపోతుంది. అందులోకి కరెంటు పంపితే అల్యూమినియం అడుగుకు చేరుతుంది. ఒడిశాలో కోరాపుట్ దగ్గరి పంచపట్‌మలి కొండమీద తవ్విన బాక్సైటు దామన్‌జోడిలో అల్యూమినాగా మారి, అంగుల్‌లో లోహమవుతుంది. ఒక టన్ను లోహానికి దాదాపు నాలుగు టన్నుల బాక్సైటు కావాలి, ఎర్రని బురద గుట్టలుగా మిగులుతుంది. మరి కరెంటో? కిలో లోహానికి సుమారు 14 యూనిట్లు. మన బావిదగ్గరి ఐదు హార్స్‌పవర్ మోటరు దాదాపు మూడు గంటలు నడిచేంత కరెంటు అది.

పాత గిన్నెలో ఈ పనంతా ముందే అయిపోయింది. దానిని 660 డిగ్రీల వద్ద కరిగిస్తే చాలు. కొత్త లోహానికి అయ్యే శక్తిలో నూటికి 5 పాళ్ళతో మళ్ళీ గిన్నె అవుతుంది. మూడు గంటల మోటరు పని పది నిమిషాల లోపే తీరినట్టు. ఆ అతను మీకు కట్టిన ధర ఈ మిగులుకే.

ఇక్కడ మన జిల్లావాడిగా ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. క్రయొలైటులో సోడియం, అల్యూమినియంతోపాటు ఫ్లోరిన్ ఉంటుంది. మన గ్రానైటు నుంచి బోరు నీళ్ళలోకి దిగి, ఎందరి ఎముకలనో వంచిన ఫ్లోరైడు ఆ ఫ్లోరిన్‌దే. అల్యూమినియానికి ఫ్లోరిన్‌తో ఉన్న పొత్తును మన నీళ్ళను బాగుచేయటానికీ వాడారు. నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతిలో నీటిలో సున్నం, పటిక కలుపుతారు. పటికలోని అల్యూమినియం తెట్టులా విడివడి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. ఆ పద్ధతికి లోకంలో నల్లగొండ పేరే ఉంది. ఇవాళ ఇంటికి కృష్ణ నీళ్ళు వస్తున్నా, ఆ పేరు వెనుక ఉన్న బాధను మీరు తెలుసుకోవాలని నా కోరిక.

ఇనుప తుప్పు పొరలుగా రాలి లోపలి ఇనుమును బయటపెడుతుంది. అల్యూమినియంమీద ఏర్పడే ఆక్సైడు పొర మాత్రం కంటికి కనబడనంత పలుచనైనా లోహాన్ని కాపాడుతుంది. పులుపు ఆ పొరను తినేస్తుంది, అందుకే పచ్చిపులుసును సత్తు గిన్నెలో నిలువ ఉంచకూడదు. ఒకే బరువు తీసుకుంటే అల్యూమినియం తీగ కరెంటును రాగికంటే దాదాపు రెండింతలు సులువుగా పారనిస్తుంది కాబట్టి పొలాలమీది లైన్లకు దానిని వాడి, బలానికి నడుమ ఉక్కు తీగ పెడతారు. మోటరు లోపల చోటు తక్కువ. అక్కడ సన్నని తీగలోనే ఎక్కువ కరెంటు పారాలి, అందుకు రాగి తగినది. కాలిపోయిన మోటర్లనుంచి వైండింగువాళ్ళు విప్పిన రాగి అంతా మళ్ళీ కరిగి తీగ అవుతూనే ఉంటుంది.

ఇక మీరు చేయగలిగినది. రాగి తీగపై ప్లాస్టిక్‌ను కాల్చి తీసే పిల్లలను చూస్తే ఆపండి; ఆ పొగ విషం. ఒలిచిన తీగకే మంచి ధర వస్తుంది. ట్రాక్టరు, ఇన్వర్టరు బ్యాటరీలను విప్పకండి. వాటిలోని సీసం, మరీ ముఖ్యంగా మీ వయసువారి మెదడుకు చేటు. పాత బ్యాటరీలను సేకరించే బాధ్యతను 2022 నాటి కేంద్ర నియమాలు తయారీదారులమీదనే పెట్టాయి, కనుక కొత్తది కొన్న దుకాణంలోనే పాతది అప్పగించమని నాన్నకు చెప్పండి. చిప్స్ పొట్లాల లోపలి మెరిసే పొర అల్యూమినియమే అయినా, ప్లాస్టిక్‌తో అతుక్కొని ఉండటంవల్ల ఎవరూ కొనరు. గిన్నెలు, మూతలు, డబ్బాలు మాత్రం ఇనుప మేకులు, స్క్రూలు తీసివేసి విడిగా ఇవ్వండి. కలగలుపుగా ఇస్తే ఇనుము ధరే కడతారు.

మీ తాత