గోడ ఆరిందని ఎవరన్నారు? నీళ్లొచ్చిన ఇళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

"నీళ్లు పోయి ఇరవై రోజులైందండీ. గోడ ముట్టుకుంటే పొడిగానే ఉంది. పెయింటింగ్‌కి మనుషుల్ని ఎప్పుడు పంపిస్తారు?"

వానాకాలంలో నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. విజయవాడలో లీకేజీ, నెమ్ము పనులు చేస్తుంటాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాక నెలల తరబడి ఆ ఇళ్లలోనే తిరిగాను. అప్పుడు వాట్సాప్‌లో తిరిగిన చిట్కాలు ఇప్పటికీ జనం నోళ్లలో నానుతున్నాయి. వాటిని నమ్మి డబ్బు రెండుసార్లు పోసినవాళ్లను చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: చేతికి తడి తగలకపోతే గోడ ఆరినట్టే. పుట్టీ, పెయింటు వేసేయొచ్చు.

జనాన్ని అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

చేతికి తెలిసేది గోడ పైచర్మం ఒక్కటే. మామూలు ఇటుక తన బరువులో 20 శాతం దాకా నీళ్లు పీల్చుకోవచ్చని ఇటుకల నాణ్యతకి మన దేశంలో ఉన్న ఐఎస్ 1077 ప్రమాణమే ఒప్పుకుంటుంది. మూడు కేజీల ఇటుకకి అది అర లీటరు పైమాటే. పదడుగుల పొడవున్న తొమ్మిదంగుళాల గోడ నాలుగడుగుల ఎత్తు మునిగిందనుకోండి. అందులో నాలుగు వందల దాకా ఇటుకలుంటాయి. అవి పట్టగలిగినదాంట్లో సగమే పీల్చుకున్నా వంద లీటర్లు దాటుతాయి. ఆ నీళ్లన్నీ ఇరవై రోజుల్లో ఎటు పోతాయి? పైన ఫ్యాన్ తిప్పితే ప్లాస్టరింగ్ ఆరుతుంది, లోపల ఇటుక అలాగే ఉంటుంది. దాని మీద పుట్టీ, ప్రైమర్, రెండు పూతల ఎమల్షన్ పెయింటు పూశారంటే తడికి మూత పెట్టినట్టే.

సింగ్‌నగర్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ గారి ఇల్లు చెబుతాను. గ్రౌండ్ ఫ్లోర్, నాలుగడుగుల నీళ్లు, వారం పైనే నిలిచాయి. కార్తీకంలో కూతురి పెళ్లి. అందుకని దసరాలోపే ఇల్లంతా రంగులు వేయించారు. సంక్రాంతి వెళ్లాక నాకు ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే హాల్లో గోడ నిండా బుడగలు. నీళ్లు వచ్చింది నాలుగడుగులే అయినా బుడగలు అయిదడుగుల దాకా ఉన్నాయి. ఇటుక వత్తిలాగా నీటిని పైకి లాగుతుంది మరి. ఒక బుడగని గోరుతో నొక్కాను. పెయింటు పాల మీద మీగడలా ఊడొచ్చింది. కింద పుట్టీ తడిపిన పిండిలా ఉంది. దాని వెనక ప్లాస్టరింగ్ మీద తెల్లగా, దూదిలా ఉప్పు. ఆమె నా వెనకాలే నిలబడి, "పెయింటర్ మోసం చేశాడా బాబూ?" అని నెమ్మదిగా అడిగారు. మోసం లేదమ్మా, అతన్ని తొందరపెట్టారు, అతను చేశాడు అన్నాను. పెళ్లి ఇంట్లో నీటి మరకలు కనపడకూడదనుకున్న తల్లిని నేను తప్పు పట్టలేను. కానీ ఆరకముందే రంగులు వేయొద్దని ఆ రోజుల్లో ఆమెకి ఒక్కరైనా చెప్పాల్సింది.

ఆ గోడల్ని అయిదున్నర అడుగుల దాకా ఇటుక కనపడేలా చెక్కేశాం. గోడ అడుగున వరసగా అంటించే స్కర్టింగ్ టైల్స్ కూడా తీసేశాం, నీళ్లు ఎక్కువగా దాక్కునేది వాటి వెనకే. ఏప్రిల్ ఎండల దాకా ఇటుకని అలాగే వదిలేసి, వారానికోసారి పొడి చీపురుతో ఉప్పు దులపమన్నాను. నీళ్లతో కడగొద్దన్నాను, కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. మేలో కొత్త ప్లాస్టరింగ్ చేసి, వారం పాటు నీళ్లతో తడుపుతూ క్యూరింగ్ చేసి, మరో నెల ఆరనిచ్చాకే ప్రైమర్ వేశాం. మొదట్లోనే ఆగి ఉంటే రంగుల ఖర్చు ఒక్కసారితో పోయేది.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుందంటారా? అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీట్ తీసుకుని గోడకి నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజు ఉంచండి. తీసేటప్పుడు లోపలివైపు చెమట పట్టినట్టు ఉంటే ఇంకా ఆరలేదు. మోకాలి ఎత్తులో ఒకటి, నీటి మరకకి పైన ఒకటి పెట్టి చూడండి. తడిని కొలిచే మాయిశ్చర్ మీటర్ ఉంటే మరీ మంచిది. కాకపోతే ఉప్పు పట్టిన గోడ మీద అది ఎక్కువ చూపిస్తుంది. అందుకని మునగని గది గోడ రీడింగ్‌తో పోల్చుకోవాలి.

అంతదాకా గోడలు బోసిగా ఉండాలా అంటే, ఉండొచ్చు. మరీ చూడలేకపోతే పల్చగా సున్నం కొట్టించుకోండి, దాంట్లోంచి తడి బయటికి పోతుంది. బీరువా, మంచం గోడకి ఆనించకుండా అర అడుగు దూరంగా జరపండి.

అపోహ: లోపలివైపు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేస్తే నెమ్ము ఆగిపోతుంది.

నీళ్లు వచ్చే దారి మూయకుండా లోపల ఏం పూసినా తడి పక్కకి జరుగుతుంది, అంతే. పై ఫ్లోర్ బాత్రూంలో నీళ్లు పోయే ట్రాప్ దగ్గర కారుతుంటే మీ సీలింగ్‌కి ఎన్నిసార్లు కోటింగ్ వేసినా వృథా. పైవాళ్లతో మాట్లాడక తప్పదు.

అపోహ: మెషీన్లు తెచ్చే కంపెనీ అయితే ఒక్క రోజులో ఆరబెట్టేస్తుంది.

గాలిలో తడిని లాగేసే డీహ్యూమిడిఫైయర్లు, బ్లోయర్లు నిజంగానే పని చేస్తాయి. మూసిన గదిలో డీహ్యూమిడిఫైయర్ పెడితే దాని ట్యాంకులో చేరే నీళ్లు చూసి మీరే ఆశ్చర్యపోతారు. పైపు పగిలి అప్పుడే తడిసిన గదికి త్వరగా పెడితే చాలా మేలు. నానిపోయిన ఇటుకకి మాత్రం ఒక్క రోజు ఎందుకూ చాలదు. వచ్చినవాళ్లని ఒక్క మాట అడగండి: పని మొదలుపెట్టేముందు, అయిపోయాక మీటర్ రీడింగ్ రాసిస్తారా? రాసివ్వం అంటే పంపించేయండి. డ్రైనేజీ కలిసిన వరద నీటికీ, ట్యాంకు పొంగిన నీటికీ ఒకటే రేటు, ఒకటే పద్ధతి చెప్పేవాళ్లనీ నమ్మకండి. మురుగు నీళ్లలో నానిన పరుపు, పీఓపీ సీలింగ్ ముక్క, పార్టికల్ బోర్డు కప్‌బోర్డు బాగుపడవు. తీసేయడమే.

వానాకాలంలో కిటికీలు రాత్రింబవళ్లు తీసి ఉంచితే ఆరుతుందనేది కూడా సగం నిజమే. బయట గాలే తడిగా ఉన్నప్పుడు అది లోపలికి తడినే తెస్తుంది. ఎండ కాసే వేళ తీయండి, ముసురు పడితే మూసేసి ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి.

అపోహ: బూజుకి బ్లీచింగ్ చాలు.

టైల్స్ మీద చాలు. గోడ మీద పైన నలుపు పోతుంది, లోపల ఉన్నది ఉంటుంది, పైగా ఇంకాస్త నీళ్లు పోసినట్టవుతుంది. మాస్కు పెట్టుకుని సబ్బు నీళ్లతో తుడవండి, మెత్తబడిన ప్లాస్టరింగ్ చెక్కేయండి. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపేసిన బాత్రూంలో ప్రాణం మీదకి వస్తుంది.

అపోహ: మెయిన్ ఆపేశాం కాబట్టి కరెంటు భయం లేదు.

ఇన్వర్టర్ ఉందా? మెయిన్ ఆపగానే అదే ఇంటికి కరెంటు ఇస్తుంది. దాన్ని కూడా ఆపాలి. అదీ నీళ్లలో నిలబడి కాదు. స్విచ్‌బోర్డులు మునిగితే గోడల్లోని పైపుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. ఎలక్ట్రీషియన్ బోర్డులు విప్పి, కరెంటు లీకవుతోందేమో చూపే మెగ్గర్ మీటర్ పెట్టి వైరింగ్ చూశాకే మెయిన్ వేయండి. ఫ్రిజ్, మోటారు "ఒకసారి వేసి చూద్దాం" అనకండి.

అపోహ: సెల్లార్‌లో నీళ్లు ఎంత త్వరగా తోడేస్తే అంత మంచిది.

బయట నేల నానిపోయి ఉన్నప్పుడు లోపల ఒక్కసారిగా ఖాళీ చేస్తే గోడల మీద బయటి ఒత్తిడి పడి బీటలిస్తాయి. రోజుకి మూడో వంతు చొప్పున తోడండి. పెట్రోలు, డీజిల్ పంపు సెల్లార్ లోపల పెట్టొద్దు, ఆ పొగకి మనుషులు పోతారు.

అపోహ: ఇన్సూరెన్స్ వాళ్లు వచ్చేలోపు ఇల్లు శుభ్రంగా ఉండాలి.

ఇది వింటే నాకు బాధేస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ వరద నష్టానికి వర్తిస్తుంది. బిల్డింగ్‌కి తీసుకుంటే, ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంట్లో సామానుకి కూడా ఉంటుంది. హోమ్ లోన్‌తో పాటు ఈ పాలసీ ఉన్నవాళ్లు కూడా, ఉందన్న సంగతే గుర్తులేక, పాడైన సామానంతా మున్సిపల్ ట్రాక్టర్‌కి ఎక్కించేశారు. ముందు కంపెనీకి ఫోన్ చేయండి. కుళ్లి వాసనొచ్చేవి ఉంచుకోలేకపోతే, ఫొటోలు తీసి, ఫ్రిజ్, టీవీ వెనకున్న నంబరు స్టిక్కర్లు కూడా ఫొటో తీసి, అప్పుడు పారేయండి. గోడ మీద నీటి మరక పక్కన పెన్సిల్‌తో తేదీ వేసి, టేపు ఆనించి ఎత్తు కనపడేలా గదికో ఫొటో తీయండి. కడగడం ఆ తర్వాత.