బూమ్ విరిగింది నీ వల్ల కాదురా

చిన్నోడా, అమ్మలూ,

హైదరాబాద్ చేరామని మీ నాన్న ఫోన్ చేశాడు. రైల్లో చిన్నోడు అన్నం కూడా సరిగ్గా తినలేదట, "తాతయ్య పడవ నేనే విరగ్గొట్టేశాను" అని దారి పొడుగునా అంటూనే ఉన్నాడట. అందుకే ఈ ఉత్తరం. ఇద్దరూ కూర్చుని చదవండి.

ఆ సాయంత్రం యారాడ కొండ వైపు నుంచి రుషికొండకి వస్తున్నాం కదా, గాలి మన వీపు వెనక నుంచి గట్టిగా తోస్తోంది. బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరీన్ ఎదురుగా వచ్చేసరికి చుక్కాని పట్టుకున్న చిన్నోడు దాన్ని చూస్తూ ఉండిపోయాడు, పడవ ముక్కు కాస్త పక్కకి తిరిగింది, గాలి తెరచాప అవతలి వైపుకి దూరింది, బూమ్ ఈ పక్క నుంచి ఆ పక్కకి విసురుగా వచ్చి ఠప్పున విరిగిపోయింది. దీన్ని జైబ్ అంటారు. నా చేతుల్లో కూడా ఇలా ఎన్నిసార్లయిందో లెక్క లేదు. బూమ్ గట్టిగా ఉంటే దడేల్మని చప్పుడు చేసి ఊరుకుంటుంది, అంతే. మనది విరిగిందంటే సంగతి వేరే ఉంది.

బూమ్ అంటే తెరచాప కింది అంచుని చాచి పట్టుకునే అడ్డ గొట్టం. ముందు కొస మాస్ట్‌కి, అంటే తెరచాపని నిలబెట్టే నిలువు స్తంభానికి, కీలుతో తగిలించి ఉంటుంది. వెనక కొసని మెయిన్‌షీట్ లాగుతుంది (షీట్ అంటే గుడ్డ కాదు, తాడు. ఈ పేరు ఎవడు పెట్టాడో గానీ కొత్తలో నేనూ తికమకపడ్డాను). మాస్ట్‌కి కాస్త దగ్గర్లో వ్యాంగ్ అనే ఇంకో తాడు బూమ్ పైకి లేవకుండా కిందకి పట్టి ఉంచుతుంది. అనకాపల్లిలో చెరుకు గడ విరుచుకుని తిన్నారు కదా, మోకాలికి ఆనించి రెండు చేతులతో లాగితే ఎక్కడ విరిగింది? మోకాలు తగిలిన చోటే. బూమ్‌కి ఆ మోకాలు వ్యాంగ్ అన్నమాట. మనది సరిగ్గా అక్కడే విరిగింది.

మీరు వెళ్ళిన మర్నాడు విరిగిన ముక్కలు డాబా మీద వేసుకుని చూశాను. వ్యాంగ్ బ్రాకెట్ బోల్టు చుట్టూ సున్నం లాంటి తెల్లపొడి, గోటితో గీకితే రాలిపోతోంది. విరిగిన అంచు చూస్తే సగం మేర కొత్తగా మెరుస్తోంది, మిగతా సగం నల్లబడి ఉంది. ఆ నల్లబడ్డ పగులు ఎప్పటిదో, లోపల్లోపల పాకుతూ వచ్చింది. ఆ రోజు విరిగింది మిగిలిన సగమే.

ఆ పొడి ఎలా వచ్చిందంటే, స్కూల్లో నిమ్మకాయకి రెండు రకాల లోహాలు గుచ్చి కరెంటు పుట్టిస్తారు చూడు, అదే లెక్క. బూమ్ అల్యూమినియం, బోల్టు స్టెయిన్‌లెస్ స్టీలు, నిమ్మరసం బదులు ఉప్పునీరు. ఈ ఆటలో ఎప్పుడూ అరిగిపోయేది అల్యూమినియమే. అందుకే రెండు లోహాలూ నేరుగా తగలకుండా మధ్యలో ఒక పేస్టు పూసి బిగించాలి. ఆ బోల్టు బిగించింది ఎవరనుకున్నావు? నేనే. హుద్‌హుద్ తుఫాను తర్వాత, 2014 చివర్లో, అన్నీ హడావిడిగా బాగు చేసుకుంటూ పేస్టు లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు ఫిట్టర్‌గా పనిచేసినవాణ్ణి!

వెల్డింగ్ చేయించేయమని పక్కింటాయన సలహా. చూడ్డానికి సుఖమైన దారే కానీ, ఈ రకం అల్యూమినియానికి బలం వేడితోనే వస్తుంది. సుమారు 530 డిగ్రీల దాకా కాచి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్ళీ 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే గట్టిపడుతుంది. వెల్డింగ్ మంట తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది, బలం ఇంచుమించు సగానికి పడిపోతుంది. అప్పుడు అతుకు బాగానే ఉండి దాని పక్కన విరుగుతుంది. కొత్తది తెప్పిద్దామంటే మూడు మీటర్ల గొట్టం రవాణా ఖర్చు విని కుర్చీలో కూలబడ్డాను. గొట్టమంతా తుప్పు పట్టి ఉంటే మాత్రం తప్పేది కాదు. మిగతా గొట్టం జానెడు జానెడూ చూశాను, బాగానే ఉంది.

కాబట్టి లోపల ఇంకో గొట్టం దూర్చి అతికాను. అదే సైజు గొట్టం ముక్కని పొడుగునా చీల్చి, అంచు కాస్త కోసేసి, నొక్కి లోపలికి తోశాను. బూమ్ ఎత్తు పది సెంటీమీటర్లు, లోపలి ముక్క అరవై, విరిగిన చోటుకి అటు ముప్ఫై, ఇటు ముప్ఫై. లోపలి ముక్క కొసలు తిన్నగా కాకుండా ఏటవాలుగా కోశాను, తిన్నగా కోస్తే బరువంతా ఆ గీత మీదే పడి మళ్ళీ అక్కడే విరుగుతుంది. మధ్యలో ఎపాక్సీ జిగురు పూసి రివెట్లు కొట్టాను, స్టీలువి కాదు, నికెల్, రాగి కలిసిన మోనెల్‌వి, వాటికీ పేస్టు పూసే. రంధ్రాలు ఒకే వరసలో వేయలేదు. వరసగా చిల్లులుంటే బస్సు టికెట్‌లా చిరిగిపోతుంది.

వ్యాంగ్‌కి ఈసారి బ్రాకెట్టే లేదు. మన తెరచాపని బూమ్‌కి రెండు కొసల్లోనే కడతాం కాబట్టి మధ్యలో బెల్టు చుట్టడానికి చోటుంది, ఆ బెల్టుకే తాడు కట్టేశాను. వెనక గాలిలో బూమ్ తిరగబడకుండా ఇంకో తాడు కూడా పెట్టాను, బూమ్ వెనక కొస నుంచి పడవ ముందుకి. దాన్ని బూమ్ మధ్యలో కట్టామో, మళ్ళీ చెరుకు గడ కథే.

చిన్నోడా, తారిణి పడవలో ప్రపంచం చుట్టొచ్చిన ఆరుగురు నేవీ ఆఫీసర్ల గురించి చెప్పాను, గుర్తుందా? వాళ్ళలో పి. స్వాతి మన విశాఖ అమ్మాయే. 2018లో వాళ్ళ పడవకీ దారిలో స్టీరింగ్ చెడింది, మారిషస్‌లో ఆగి బాగు చేయించుకుని మే నెలలో గోవా చేరారు. నువ్వు బీచ్ వైపు చూసినందుకు అన్నం మానేస్తావా?

దసరాకి రండి, చుక్కాని మళ్ళీ నీకే. అమ్మలూ, నువ్వు ఆ కొత్త తాడు చూసుకోవాలి. తెల్లపొడి పట్టిన ఆ బోల్టు హార్లిక్స్ సీసాలో దాచి ఉంచాను, వచ్చాక చూపిస్తా. మీ నాన్నకి మాత్రం పేస్టు సంగతి చెప్పకండి. ఆ విషయంలో చిన్నప్పుడు వాణ్ణి చాలా తిట్టాను.

మీ
తాతయ్య