ఫ్యాను చప్పుడు తర్వాత తీసేయొచ్చా? ఉచ్చారణ రికార్డింగులో అపోహలు - వాస్తవాలు

విక్షనరీ అనే ఉచిత ఆన్‌లైన్ నిఘంటువుకు పదాలు పలికి పెడదామని ముందుకొచ్చేవాళ్లకు విశాఖలో కొదవలేదు. టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, యూనివర్సిటీ విద్యార్థులు ఉత్సాహంగా వస్తారు. ఉచ్చారణలు రికార్డు చేసే లింగ్వా లిబ్రే వెబ్‌సైటు తెరిచి, వికీమీడియా (వికీపీడియా, విక్షనరీలను నడిపే సంస్థ) ఖాతాతో లాగినై, బ్రౌజరుకు మైకు అనుమతి ఇచ్చి, ఒక్క సాయంత్రంలో వందల పదాలు పలికేస్తారు. తీరా వింటే చాలా పదాలకు చివరి అచ్చు ఉండదు, కొన్నిటికి మొదటి అక్షరం ఉండదు. అంత కష్టమూ వృథా. దీనికి మూలం దాదాపు ప్రతిసారీ ఒకటే అపోహ. ముందు దాని సంగతి చూద్దాం, మిగతావి తర్వాత.

అపోహ: "వెనకాల చప్పుడు ఉన్నా ఫర్వాలేదు, తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చు"

తీయలేరు. చెడిపోయేది రికార్డు చేస్తున్నప్పుడే.

లింగ్వా లిబ్రేలో ఒక్కో పదానికీ బటన్ నొక్కే పని లేదు. తెర మీద పదం కనిపిస్తుంది, మీరు పలుకుతారు. మీ గొంతు ఒక స్థాయి దాటగానే రికార్డింగు మొదలవుతుంది. గొంతు మరో స్థాయి కంటే తగ్గి, కాసేపు అలాగే ఉంటే పదం అయిపోయిందని అదే కత్తిరించి తర్వాతి పదం చూపిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ వేగమంతా ఈ ఏర్పాటులోనే ఉంది.

ఇప్పుడు గదిలో సీలింగ్ ఫ్యాను తిరుగుతోందనుకోండి. మీరు పదం ముగించినా మైకుకు నిశ్శబ్దం అందదు. ఫ్యాను చప్పుడు ఆగే స్థాయి కంటే పైనే ఉంటుంది కాబట్టి తర్వాతి పదం రాదు. విసుగెత్తి సెట్టింగుల్లోకి వెళ్లి మొదలయ్యే స్థాయినీ ఆగే స్థాయినీ రెండిటినీ పైకి జరుపుతారు. పని నడుస్తుంది. నడుస్తోంది కదా అని మూడు వందల పదాలు పూర్తి చేస్తారు.

మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. కాలు, పులి, ఇల్లు, చేప, గంజి. చివరి ఉ, ఇ చాలా మెత్తగా, తక్కువ బలంతో వస్తాయి. స్థాయి పైకి జరిపారు కాబట్టి ఆ చివరి అచ్చు సాఫ్ట్‌వేర్ లెక్కలో నిశ్శబ్దమే. కోత ఇంకాస్త ముందుకు జరిగితే 'కాలు' కాస్తా 'కాల్' అవుతుంది. మొదట్లోనూ ఇదే గొడవ. హ, స, ఫ లాంటివి ఊపిరితో మొదలవుతాయి, బలం పుంజుకునేది వెనకొచ్చే అచ్చు దగ్గరే. అందుకే 'హారం' 'ఆరం'గా మిగులుతుంది.

అన్నిటికంటే ప్రమాదం ద్విత్వాలతో. 'అక్క' పలుకుతూ క్క దగ్గర ఒక్క క్షణం గాలి పూర్తిగా ఆగుతుంది. అక్కడ నిజంగానే నిశ్శబ్దం. తప్పు పోకూడదన్న కంగారులో ఒత్తి ఒత్తి నెమ్మదిగా పలికేవాళ్లకు ఆ విరామం ఇంకా పెరుగుతుంది. ఆగే వ్యవధి మరీ చిన్నగా పెట్టి ఉంటే పదం అయిపోయిందని సాఫ్ట్‌వేర్ కోసేస్తుంది. 'అ' ఒక ఫైలులో పడుతుంది. మిగిలిన ముక్క తర్వాతి పదం కింద చేరుతుంది. అక్కణ్నుంచి జాబితా మొత్తం ఒక పదం పక్కకు జరగొచ్చు. 'అత్త' అని రాసి ఉన్న ఫైలు నొక్కితే అందులో మరేదో వినబడుతుంది. నిఘంటువు చూసి నేర్చుకునే మనిషికి ఇంతకంటే అన్యాయం లేదు.

ఆగే వ్యవధిని 0.3 సెకన్ల కంటే తగ్గించకండి. ఆగే స్థాయి ఎప్పుడూ మొదలయ్యే స్థాయి కంటే కిందే ఉండాలి. పదానికి ముందూ వెనకా పావు సెకను చొప్పున ఖాళీ ఉంచండి.

ఇక 'తర్వాత తీసేయడం' సంగతి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ (చప్పుడు తగ్గించే సదుపాయం) ఉంది, నిజమే. మీరు చూపించిన చప్పుడు నమూనాలో ఏ ధ్వనులు ఎంత బలంగా ఉన్నాయో కొలిచి, రికార్డింగు పొడవునా ఆ ధ్వనుల దగ్గర అంతకు మించి బలం లేనిదాన్ని అణచేయడం దాని పని. చిక్కేమిటంటే స, శ, ష, ఫ, హ కూడా స్వభావానికి చప్పుళ్లే. ఖ, ఘ, థ, ధల్లో ఒత్తు వెనక వచ్చే ఊపిరి కూడా అంతే. వీటికీ ఫ్యాను గాలికీ తేడా ఆ లెక్కకు తెలియదు. చప్పుడుతోపాటు ఇవీ అరిగిపోతాయి, మిగిలిన గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు వినబడుతుంది. పాటకో ఉపన్యాసానికో కాస్త అరిగినా సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. ఒంటరి పదానికి సందర్భం ఎక్కడిది? వినేవాడు వింటున్నదే ఆ ఒక్క అక్షరం కోసం. నిశ్శబ్దమైన గదిలో మామూలు ఫోన్‌తో చేసిన రికార్డింగు, ఖరీదైన మైకుతో చేసి శుభ్రం చేసిన రికార్డింగు కంటే వెయ్యి రెట్లు మేలు.

ఇంకో తంటా ఉంది. మీరు అడగకపోయినా బ్రౌజరు, విండోస్, ఫోను తమంతట తాము నాయిస్ సప్రెషన్ (చప్పుడు అణచడం) చేస్తుంటాయి. కాల్స్ కోసం పెట్టిన సదుపాయం అది, మన పనికి అడ్డం. విండోస్‌లో మైకు సెట్టింగుల్లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయండి. ఐఫోన్‌లో వాయిస్ ఐసొలేషన్ ఉంటే స్టాండర్డ్‌కు మార్చండి. గొంతు స్థాయిని దానంతట అదే పెంచి తగ్గించే ఆటో గెయిన్ కూడా వద్దు. అది నిశ్శబ్దంలో చప్పుడును పైకి లాగుతుంది.

మరి విశాఖ ఉక్కపోతలో ఫ్యాను లేకుండా ఎలా? ఇరవై నిమిషాలే. రెండు గంటల పాటు ఫ్యాను కింద కూర్చునే బదులు, ఇరవై నిమిషాలు ఆపి చేయండి, లేచి గాలి పోసుకుని మళ్లీ కూర్చోండి. తెల్లవారుజాము మంచి సమయం. బీచ్ రోడ్డు వైపు ఫ్లాటైతే సముద్రం వైపు కిటికీలు మూసి, లోపలి గదిలో కూర్చోండి. బీరువా తలుపులు తెరిచి బట్టలకు ఎదురుగా కూర్చుంటే ప్రతిధ్వని తగ్గుతుంది. గచ్చు, టైల్స్ ఉన్న ఖాళీ గది పనికిరాదు. ఫ్రిజ్ పక్క గది వద్దు. కంచరపాలెం వైపు రైలు కూత, నేవీ విమానాల మోత మన చేతిలో లేనివి. అవి వచ్చినప్పుడు ఆపి, ఆ ఒక్క పదం మళ్లీ పలకండి. ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేయండి. ఇంట్లో ఎర్తింగు సరిగా లేకపోతే రికార్డింగులో సన్నని గుయ్‌మనే రొద చేరుతుంది, అది విడిగా వినేదాకా తెలియదు.

మొదలుపెట్టే ముందు ఆడాసిటీలో పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. మీటరు మైనస్ 50 డెసిబెల్స్ కంటే కింద ఉంటే గది బాగున్నట్టు. తర్వాత కాలు, పులి, అక్క, హారం, సంచి, ఖడ్గం పలకండి. గొంతు గరిష్ఠం మైనస్ 12కూ మైనస్ 6కూ మధ్య ఉండాలి. సున్నాకు తగిలితే పగిలినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు. ఆ ఆరు పదాలనూ ఇయర్‌ఫోన్స్‌లో వినండి. 'కాలు'లో లు, 'హారం'లో హ, 'ఖడ్గం'లో ఒత్తు స్పష్టంగా వినబడితే ముందుకు వెళ్లండి. అప్‌లోడుకు ముందు సమీక్ష తెర వస్తుంది. చాలామంది దాన్ని దాటేస్తారు. దాటకండి. కనీసం ద్విత్వాలున్న పదాలన్నీ, వాటి వెంటనే వచ్చే పదాలూ వినండి.

అపోహ: "మంచి మైకు కొనాలి"

అక్కర్లేదు. ఫోనుతో వచ్చిన వైరు ఇయర్‌ఫోన్ మైకు చాలు. నోటికి ఓ జానెడు కంటే కాస్త దగ్గరగా, సూటిగా కాకుండా పక్కకు పెట్టుకోండి. సూటిగా ఉంటే ప, ఫ, భ పలికినప్పుడు ఊపిరి తగిలి 'ధబ్' మంటుంది. వద్దనేది ఒక్క బ్లూటూత్ హెడ్‌సెట్‌నే. పాటలు ఎంత బాగా వినిపించినా, దాని మైకు వాడగానే అది కాల్ పద్ధతికి మారుతుంది. మామూలుగా అప్పుడు సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలే తీసుకుంటుంది. 8,000 అయితే 4,000 హెర్ట్జ్ పైన ఉన్నదంతా పోయినట్టే. 'స'కు ప్రాణం ఉండేది ఆ పైనే. స, శ తేడా వినబడని రికార్డింగు నిఘంటువుకు ఎందుకు?

అపోహ: "మాది ఉత్తరాంధ్ర యాస, నిఘంటువుకు పనికిరాదు"

ఈ మాట అనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చక్కగా పలికే పెద్దవాళ్లు, జన్మంతా ఆ మాటలతోనే బతికినవాళ్లు, 'మాకు సరిగ్గా రాదు బాబూ' అని వెనక్కి తగ్గుతారు. యాస లోపం కాదు. పలికేవారి వివరాల్లో ఊరు రాసే చోటు ఉంది. ఒకే పదానికి ఎంతమంది గొంతులైనా ఉండొచ్చు. ఫైలు పేరులో భాష గుర్తింపు, పలికినవారి పేరు, పదం మూడూ ఉంటాయి కాబట్టి ఒకరిది ఇంకొకరి దాన్ని చెరిపేయదు. శ్రీకాకుళం గొంతు, గుంటూరు గొంతు, వరంగల్ గొంతు పక్కపక్కనే ఉంటే చదువరికి లాభమే.

పాటించాల్సింది ఒకటే. తెర మీద ఏముందో అదే పలకాలి. 'రాగులు' అని కనిపిస్తే 'చోడి' అనకూడదు. 'చోడి'ని విడిగా జాబితాలో చేర్చి పలకండి, అది విలువైన మాట. ఫిషింగ్ హార్బర్లో వినబడే వంజరం, కవ్వళ్లు, నెత్తళ్లు, పండుగప్ప లాంటి పేర్లను అక్కడివాళ్ల గొంతుతోనే రికార్డు చేస్తే ఇంకా మంచిది. వాళ్ల కోసం మీ ఖాతా కిందే వేరే స్పీకర్ పేరు చేర్చే వీలుంది. మీ పేరు మీద వాళ్ల గొంతు పెట్టకండి. ఎక్కడ, ఏ లైసెన్సుతో పెడుతున్నారో ముందే చెప్పి ఒప్పుకున్నాకే పెట్టండి. పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

యాసకు భయపడి 'పుస్తక' ఉచ్చారణ తెచ్చిపెట్టుకోవడమే అసలు నష్టం. చలి, చుక్క, జల్లెడ, జున్నులో చ, జలు నాలుక కొన దంతాల దగ్గరకెళ్లి పలికేవి. చీమ, చెయ్యి, జీతంలోవి అలా కాదు. ఇంట్లో అందరూ సరిగ్గానే అంటారు, మైకు ముందు మాత్రం అన్నిటినీ 'చీమ'లోని 'చ' వైపు లాగుతారు. 'వచ్చాడు'లో చా కూడా అంతే, మాటల్లో ఆ, ఏల మధ్యగా వినబడే అచ్చును వదిలేసి, రాసి ఉన్నదున్నట్టు ఆ-కారం పెట్టి పలికేస్తారు. ఇంట్లో ఎలా అంటారో అలాగే అనండి. ఇంకో అలవాటు, జాబితా చదువుతున్నట్టు ప్రతి పదం చివరా స్వరం పైకి లేపడం. ఒక్కో పదం అక్కడితో ముగిసినట్టు దించండి. వంద పదాలకోసారి ఆగి మంచినీళ్లు తాగండి, గొంతు ఎండితే తేడా వెంటనే వినబడుతుంది.

అపోహ: "గొంతు పెడితే బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు"

వాట్సాప్ పుకారు. 'కుందేలు', 'కుంకుమ' అని పలికిన ఫైళ్ల నుంచి బ్యాంకు ఖాతాకు దారి లేదు. ఖాతాలు మామూలుగా ఖాళీ అయ్యేది ఓటీపీ లాంటివి చెప్పినప్పుడు. గొంతును అనుకరించే సాఫ్ట్‌వేర్లు ఉన్నమాట మాత్రం నిజం, భయపడేవాళ్లను తప్పుపట్టను. కాబట్టి తెలిసి ఒప్పుకోవాల్సిన సంగతి చెబుతాను. మీరు ఎంచుకునేది స్వేచ్ఛా లైసెన్సు (క్రియేటివ్ కామన్స్, పొట్టిగా సీసీ). సీసీ బీవై-ఎస్ఏ 4.0 అయితే మీ పేరు చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. సీసీ జీరో అయితే పేరు చెప్పాల్సిన పనీ లేదు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. ఇది ఇష్టం లేకపోతే మానేయడంలో తప్పేమీ లేదు. ఇష్టమైతే కలం పేరుతో ఖాతా తెరవండి, ఊరి పేరు 'విశాఖపట్నం' వరకు చాలు, కాలనీ పేరు అక్కర్లేదు.

మిగతావి గబగబా

'వేరే సైటులో ఆడియో ఉంది, దించి పెట్టేద్దాం.' వద్దు. ఫోర్వో అనే ఉచ్చారణల సైటులో ఉన్నవి వ్యాపారేతర లైసెన్సుతో ఉన్నాయి, మన ఫైళ్లు చేరే వికీమీడియా కామన్స్ ఆ షరతును ఒప్పుకోదు. టీవీ వార్తల ముక్కలూ అంతే. కంప్యూటరు గొంతు అసలే వద్దు, తెలుగు 'చ', 'జ'లను అది పలికే తీరు నమూనాగా పెట్టదగ్గది కాదు.

'డేటా అంతా అయిపోతుంది.' 48,000 హెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలు సెకనుకు 96 వేల బైట్లు. ఒకటిన్నర సెకను పదం సుమారు 140 కేబీ. ఐదు వందల పదాలు పెట్టినా 70 ఎంబీ చిల్లర. రోజుకు ఒక జీబీ వచ్చే ప్యాకు చాలు.

'ఎంపీ3కి మార్చి పెడితే మంచిది.' మార్చకండి. వినేవాళ్ల కోసం చిన్న ఫైళ్లు కామన్సే తయారుచేసుకుంటుంది. అసలు ఫైలు నష్టం లేనిదిగా ఉండాలి.

'అప్‌లోడు చేశాను, విక్షనరీలో కనబడటం లేదు, పోయినట్టుంది.' పోలేదు. ఫైలు చేరేది వికీమీడియా కామన్స్‌కు. నిఘంటువు పేజీలో అది కనబడాలంటే ఆ పేజీలో ఫైలు లంకె చేర్చాలి. ఆ భాష విక్షనరీ సముదాయం అనుమతిస్తే బాట్ (దానంతట అదే పనిచేసే ప్రోగ్రాం) చేరుస్తుంది, లేకపోతే మనుషులు చేర్చాలి. ముందు కామన్స్‌లో మీ ఎక్కింపుల జాబితా చూసుకోండి.

'తప్పు పలికాను, ఇక అది శాశ్వతం.' కాదు. అదే స్పీకర్ పేరుతో అదే పదాన్ని మళ్లీ పలికి ఎక్కిస్తే, పాత ఫైలు మీద కొత్త కూర్పుగా చేరుతుంది. లంకెలు ఎక్కడున్నా అవన్నీ కొత్త రికార్డింగునే వినిపిస్తాయి. కాబట్టి ఈపాటికే ఫ్యాను కింద కూర్చుని చేసినవి ఉంటే తొలగించమని ఎవరినీ అడగక్కర్లేదు. చివరి అచ్చు తెగినవాటి జాబితా రాసుకుని, ఫ్యాను ఆపి, అవి మాత్రం మళ్లీ పలకండి.