సైనిక విమానాల మ్యూజియం: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో అరిజోనా రాష్ట్రం, టూసాన్ నగరం. అక్కడి పీమా ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో నేను వాలంటీర్ గైడ్‌ని. ఎనభై ఎకరాల స్థలం, నాలుగు వందల దాకా విమానాలు. వాటిలో ఎక్కువ భాగం సైన్యం వాడి పక్కన పెట్టినవే. ఫీనిక్స్ నుంచి, ఇక్కడి యూనివర్సిటీ నుంచి మనవాళ్లు బాగానే వస్తారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని. వాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: బోర్డు చదివితే చాలు, గైడ్ ఎందుకు?

బోర్డు మీద రెక్కల పొడవు, ఇంజిన్ శక్తి, వేగం ఉంటాయి. అవన్నీ ఫోన్లోనూ దొరుకుతాయి. ఆ ఒక్క విమానం ఏయే చేతులు మారి ఇక్కడికి చేరిందో గైడ్‌ని అడగండి. మా అందరికీ ఇష్టమైన ప్రశ్న అదే. ఇంకో సంగతి: గైడ్‌లంతా రిటైరైన పైలట్లనుకుంటారు, కాదు. పైలట్‌లే కాదు, మెకానిక్‌లు, టీచర్లు, నాలాంటి ఇంజినీర్లు కూడా ఈ పనికి వస్తారు. నన్నడిగితే మెకానిక్ దొరకడం మీ అదృష్టం. పైలట్ ఆకాశంలో గడిపిన గంటల గురించి చెబుతాడు. ఆ గంట ఎగరడానికి కింద ఎంతమంది ఎంతసేపు చెమటోడ్చారో మెకానిక్ దగ్గరే వినాలి.

అపోహ: ఇదంతా అమెరికా వాళ్ల గొప్ప, మనకేం సంబంధం?

ఈ మాట అన్నవాళ్లను నేరుగా బి-24 లిబరేటర్ దగ్గరికి తీసుకెళ్తాను. నాలుగు ఇంజిన్ల బాంబర్. రెండో ప్రపంచయుద్ధంలో ఇలాంటివి 18 వేలకు పైగా తయారయ్యాయి. యుద్ధం ముగియగానే అమెరికా తన దగ్గరున్నవాటిని దాదాపు అన్నిటినీ తుక్కు చేసేసింది. అలాంటప్పుడు ఇది ఎలా మిగిలింది?

మన దేశం వల్ల. అమెరికా ఈ విమానాలను బ్రిటన్‌కు యుద్ధకాలపు ఒప్పందం మీద ఇచ్చింది. యుద్ధం అయ్యాక తిరిగివ్వాలి, లేదంటే పనికిరాకుండా చేయాలి. బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో ఉన్నవాటిని మళ్లీ ఎగరకుండా పాడుచేసి వదిలి వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చాక మనకు బరువైన బాంబర్లు కావాలి, కొనే డబ్బు లేదు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హెచ్‌ఏఎల్) వాళ్లు ఆ గుట్టలో దిగారు. ఒకదాని భాగం ఇంకోదానికి తగిలించి, ఎలాగో ఎగిరే స్థితికి తెచ్చారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా కాన్పూర్ నుంచి బెంగళూరుకు నడుపుకొచ్చాడు. అక్కడ పూర్తి మరమ్మతు. 1948లో వాటితోనే మన వాయుసేన బాంబర్ స్క్వాడ్రన్ పుట్టింది. తర్వాత సముద్రం మీద గస్తీకీ వాడారు. 1968 దాకా పనిచేశాయి.

మా దగ్గరున్నది భారత వాయుసేన ఇచ్చినదే. 1969లో ఎగురుతూనే అరిజోనాకు వచ్చింది. పారేసిన వాళ్లకే తిరిగి కానుకగా ఇచ్చామన్నమాట! బ్రిటన్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్న లిబరేటర్ కూడా మన దగ్గర్నుంచి వెళ్లిందే.

మిగ్-21 యుద్ధవిమానం దగ్గరా అంతే. దాని ఎలక్ట్రానిక్ పరికరాల తయారీ కోసమే 1960ల్లో హైదరాబాద్ బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ శాఖ పెట్టారు. అక్కడ పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు కొడుకుతో వచ్చారు. ఆ రోజు గైడ్ ఆయనే, నేను శ్రోతని. మన వాయుసేన ఈ విమానానికి 2025 సెప్టెంబర్‌లో వీడ్కోలు చెప్పింది.

అపోహ: బ్లాక్‌బర్డ్ నేల మీద ఇంధనం కార్చేది, అందుకే ఎగరగానే గాల్లో మళ్లీ నింపుకునేది.

బ్లాక్‌బర్డ్ అంటే అమెరికా గూఢచర్య విమానం ఎస్ఆర్-71. దాని ముందు నిలబడిన ప్రతి బృందంలోనూ ఒకరైనా ఈ మాట అంటారు. సగం నిజం. ధ్వనికి మూడు రెట్లు మించిన వేగంతో పోతుంటే గాలి రాపిడికి దాని టైటానియం ఒళ్లు వందల డిగ్రీలు కాగుతుంది, సాగుతుంది. దిగాక చల్లబడి ముడుచుకుంటుంది. ఇలా పదేపదే జరిగేసరికి ట్యాంకుల అతుకుల్లో పూసిన సీలెంట్ దెబ్బతిని ఇంధనం కారేది. ఎంతవరకు కారనివ్వవచ్చో లెక్క ఉండేది. కానీ గాల్లో నింపుకోవడానికి కారణం అది కాదు. నిండు ట్యాంకులతో పరిగెడితే టైర్ల మీదా బ్రేకుల మీదా భారం ఎక్కువ. ఒక ఇంజిన్ ఆగిపోతే రెండోదానితో పైకి లేవడమూ కష్టం. అందుకే తక్కువ ఇంధనంతో ఎగిరేది. కారడం కళ్లకు కనిపించేది కాబట్టి ఆ కథే నిలిచిపోయింది.

అపోహ: మ్యూజియమూ, ఆ పక్కనున్న విమానాల శ్మశానమూ ఒకటే.

కాదు. మాది లాభాపేక్ష లేని సంస్థ నడిపే మ్యూజియం. పక్కనున్నది డేవిస్-మోంథన్ వాయుసేన స్థావరం. అందులోని బోన్‌యార్డ్‌లో వేల విమానాలు నిలిపి ఉన్నాయి. టికెట్ కొన్నంత మాత్రాన అక్కడికి వెళ్లనివ్వరు. శ్మశానం అనడమూ సరికాదు. కొన్నింటిని విడిభాగాల కోసం విప్పుతారు, కొన్ని మళ్లీ సేవలోకి వెళ్తాయి. ఎడారిలోనే ఎందుకంటే, గాలిలో తేమ తక్కువ, తుప్పు పట్టదు. నేల రాయిలా గట్టిది, కాంక్రీటు పోయకుండానే బరువైన విమానాలు నిలబడతాయి.

అపోహ: బిడ్డను ఒక్క నిమిషం కాక్‌పిట్‌లో కూర్చోబెడితే ఏం పోతుంది?

పాత విమానాల్లో కొన్ని డయల్స్ చీకట్లో మెరవడానికి రేడియం కలిపిన రంగు పూసేవారు. మెరుపు పోయినా రేడియం పోదు, ఒంటికి హాని చేసే దాని రేడియేషన్ ఆగదు. చేతి చెమట అల్యూమినియానికి మంచిది కాదు, అందుకే బయట కూడా తాకవద్దంటాం. లోపలికి వెళ్లి చూడాలని ఉంటే ఊరెళ్లినప్పుడు విశాఖ ఆర్కే బీచ్ దగ్గర టీయూ-142 ఎక్కండి. మన నౌకాదళం 2017 దాకా వాడిన విమానం, పొట్టలోంచి నడిచి వెళ్లొచ్చు.

అపోహ: గంటలో చుట్టేయొచ్చు.

ఇన్ని విమానాలకు గంట చాలదు. పైగా వేసవిలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, విమానాల్లో చాలావరకు ఆరుబయటే ఉంటాయి. పొద్దున్నే వచ్చి ముందు బయటవి చూడండి, ఎండ ముదిరాక హ్యాంగర్లలోకి వెళ్లండి. నీళ్ల సీసా, టోపీ మరవొద్దు, పెద్దవాళ్లుంటే వీల్‌చెయిర్ గురించి ముందే అడగండి. చివర్లో కొందరు నా జేబులో డబ్బు పెట్టబోతారు. మాకు జీతం లేదన్నది నిజమే గానీ, ఆ డబ్బు విరాళాల పెట్టెలో వేయండి.