నిరాశ్రయ కుటుంబాలు: అపోహలు, వాస్తవాలు

వరంగల్ నగరంలో నిరాశ్రయ కుటుంబాలకు తాత్కాలిక వసతి కల్పించే పనిలో ఉన్నవారికి తరచుగా వినిపించే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: రోడ్డు పక్కన పడుకునేవారంతా బిచ్చగాళ్లే.

వాస్తవం: ఎంజీఎం ఆసుపత్రి బయట, కాజీపేట స్టేషన్ పరిసరాల్లో రాత్రిపూట పలకరిస్తే, పొద్దున్నే అడ్డా మీదికి కూలికి పోయేవారు, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో పని వెతుక్కుంటూ వచ్చినవారు, అద్దె కట్టలేక గది ఖాళీ చేసినవారు కనిపిస్తారు. రోడ్ల పక్కన, సిమెంటు గొట్టాల్లో, మెట్ల కింద, గుడి మండపాల్లో, ప్లాట్‌ఫారాలపై బతికేవారిని లెక్కించిన 2011 జనగణనలో దేశవ్యాప్తంగా వీరి సంఖ్య 17 లక్షలు దాటింది.

అపోహ: వసతి గృహం ఉన్నా వాళ్లే రారు.

వాస్తవం: రాకపోవడానికి కారణాలున్నాయి. మగవారికొక హాలు, ఆడవారికొక హాలు ఉన్నచోట భార్యాభర్తలు విడిపోవాలి. పన్నెండేళ్ల కొడుకు ఎటు పడుకోవాలో తేలదు. వచ్చిన తల్లి మంచం సంగతి తర్వాత అడుగుతుంది. ముందు అడిగేది, "మా ఆయన గూడ ఈడనే ఉంటడా సారూ, మూట యాడ పెట్టాలె?" అని. బియ్యం, గిన్నెలు, పిల్లల బట్టలు అన్నీ ఆ మూటలోనే ఉంటాయి కాబట్టి, తాళం వేసుకునే పెట్టె లేని కేంద్రంలో ఆమెకు నిద్ర పట్టదు. అడ్డాకు దూరమైతే మర్నాటి కూలి పోతుంది. పట్టణ పేదల కోసం కేంద్రం 2024 వరకు నడిపిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని, కుటుంబాలకు విడిగా వసతి గృహాలు కట్టవచ్చని, అవి వీలైనంత వరకు స్టేషన్లకు, మార్కెట్లకు దగ్గరగా ఉండాలని చెప్పాయి. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడవలసింది ఈ చివరి షరతునే. ఊరి చివర ఎంత మంచి భవనం కట్టినా ఖాళీగానే ఉంటుంది.

అపోహ: ఆధార్ లేనివారికి సాయం చేయలేం.

వాస్తవం: గుర్తింపు పత్రం, చిరునామా, రేషన్, పింఛను, బ్యాంకు ఖాతా అందేలా చూడటం కూడా అవే మార్గదర్శకాల ప్రకారం వసతి గృహం పనిలో భాగమే. వయసు ధ్రువపత్రం లేదని పిల్లలను బడిలో చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టానికి విరుద్ధం.

అపోహ: వసతి గృహానికి వెళ్తే పిల్లల్ని విడదీసి బాలల హోంలో వేస్తారు.

వాస్తవం: చాలా కుటుంబాలు మమ్మల్ని చూసి పక్కకు తప్పుకునేది ఈ భయంతోనే. 2015 బాలల న్యాయ చట్టం బిడ్డ సంరక్షణ ప్రధానంగా కుటుంబం చేతిలోనే ఉండాలని, సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమని చెబుతుంది. ఈ మాట మొదటి పలకరింపులోనే చెప్పాలి.

అపోహ: ఇది చలికాలపు సమస్య.

వాస్తవం: 2010లో సుప్రీంకోర్టు ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండే వసతి గృహాలు కావాలని చెప్పింది. 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగినప్పుడు ఇళ్లున్నవారే పునరావాస కేంద్రాలకు చేరవలసి వచ్చింది.

రాత్రివేళ ఒంటరి బిడ్డ కనిపిస్తే 1098కి, ఇంటి హింస నుంచి బయటపడిన మహిళ కనిపిస్తే 181కి ఫోన్ చేయండి. హింసకు గురైన మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో ఆమెకు, పిల్లలకు కొద్ది రోజుల తాత్కాలిక బస దొరుకుతుంది.